పేరు చెప్పని మొక్కు

"అడ్డం లే సోమప్పా" అంది అంజినమ్మ.

సోమప్ప లేవలేదు. గడప మీద కూర్చొని, రెండు చేతులా ద్వారబంధం పట్టుకొని, వదినె చంకలోని చేటనే చూస్తున్నాడు. చేట నిండా ఎండుమిరపకాయలు. వాటి మీద ఒక పసుపుకొమ్ము, ఒక వేపమండ.

"ఆ చేట లోపల పెట్టు వొదినా. అప్పుడు లేస్తా."

"మూడు లెక్కపెడతా. అంతలో లేచినావా, సరి. లేకపోతే మరిదివని చూడను, తొక్కుకొని పోతా. లెక్క నీకు బాగా వచ్చు గదా! ఐదేదో ఆరేదో తెలిసినోడివి, మూడు తెలీదా?"

సోమప్ప మొహం నల్లబడిపోయింది.

పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరు ఏ మాట ఎత్తుకున్నా చివరికి ఆ ఐదూ ఆరూ దగ్గరికే వచ్చి ఆగుతోంది. చేనిబావి లోతు చేయడానికి బండలో ఆరు రంధ్రాలు కొట్టి మందు కూరారు. ఆరూ పేలాలి. ఐదే పేలాయి. ఆరోదీ పేలిందనుకొని అంజినమ్మ మొగుడు మునివెంకటప్ప బావిలోకి దిగాడు. అప్పుడు పేలింది ఆరోది. నిన్నటితో అతని పెద్దదినం కూడా అయిపోయింది.

నట్టింట్లో స్తంభానికి ఆనుకొని మంజులమ్మ నిలబడి ఉంది. అంజినమ్మా ఆమే జూజువాడిలో ఎదురెదురిళ్ళలో పుట్టి, ఒకే ఏడాది పెళ్ళిళ్ళై, ఒకరు బాగలూరు పక్కకూ ఇంకొకరు క్రిష్ణగిరికీ వచ్చిన స్నేహితురాళ్ళు. నిన్న పొద్దున గాజులు పగలగొట్టేటప్పుడు అంజినమ్మ చేతులు పట్టుకున్నది మంజులమ్మే. గాజుపెంకు ఒకటి ఆమె అరచేతిలో దిగింది. పెంకు తీసేసినా గాటు ఇంకా పచ్చిగానే ఉంది.

"మంజులమ్మక్కా, నువ్వన్నా చెప్పు" అన్నాడు సోమప్ప. "అన్న పోయినాడు. నేనూ పోవల్లంటే చెప్పమను, ఆ బావిలోనే పడతా. ఈ కారం మొక్కు ఏంటికి?"

"పడు!" అంది అంజినమ్మ. "ఆ ముక్క అన్నకంటే ముందర అనింటే బాగుండు. ఉగాదినాడు నీళ్ళ వంతుకాడ ఏమన్నావు? ఈ బావి పూడిపోతేగానీ నీ పొగరు దిగదు అని మీ అన్నను అనలేదా? ఊరంతా వినింది."

"అన్నా. కోపంలో అన్నా. అన్నదమ్ములు కొట్లాడుకోకుండా ఉంటారా?"

"కొట్లాడుకుంటారు. నోరు మూసుకొని సావుకు సాగనంపరు."

మూలన కూర్చున్న అత్త మద్దమ్మ అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. ఇప్పుడు నేల మీద పాక్కుంటూ వచ్చి కోడలి కాళ్ళు చుట్టుకుంది.

"ఒక కొడుకును మన్నుకిచ్చినా తల్లీ. ఇంగొకణ్ణి కారానికియ్యమంటావా? నాకింగ ఉండేది వీడొక్కడే."

"నాకుండేది ఎవరత్తా?"

మద్దమ్మ ఆ కాళ్ళను ఇంకా గట్టిగా చుట్టుకుంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అన్యాయమైపోయిన ఆడది అంగాళమ్మ గుడికి పోయి, వాకిట్లో ఉన్న బండ మీద ఎండుమిరపకాయలు నూరి, ఆ కారం అమ్మవారి రాతికి పూస్తుంది. అమ్మకు మంట పుడుతుంది. ఆ మంట తప్పు చేసినవాణ్ణి కాల్చి, వాడంతట వాడే పాలచెంబుతో వచ్చి కడిగేదాకా చల్లారదు. ఒక్కరు నూరితే మాత్రం మొక్కు చెల్లదు. పొత్రం రెండో కొస ఇంకొక ఆడమనిషి పట్టుకోవాలి. ఆ మనిషి, చచ్చినవాడి చేతికూడు తిన్నదై ఉండాలి.

మొగవాడి చేతికూడు తిన్న పరాయి ఆడది ఎక్కడ దొరుకుతుంది? అంజినమ్మకు దొరికింది. మంజులమ్మ మునివెంకటప్ప చేతి రాగిముద్ద తిన్నది. శివనసముద్రంలో.

"అక్కా, చెప్పక్కా" అన్నాడు సోమప్ప మళ్ళీ.

అతని మీద మంజులమ్మకు జాలి లేదు. మునివెంకటప్ప ఆమెకు తోడబుట్టినవాడితో సమానం. ఈ పన్నెండు రోజుల్లో సోమప్ప కంచం ముందు కూర్చుంటే, ఆ గొంతులో ముద్ద దిగడం ఆమె కళ్ళతో చూడలేకపోయేది. కానీ మద్దమ్మ ఇంకా కోడలి కాళ్ళ దగ్గరే ఉంది.

"అంజినీ" అంది మంజులమ్మ. "పేరు పెట్టి నూరద్దు మే. పేరెత్తి నూరినాక ఆ మనిషి తప్పు లేదనుకో, మంట నూరినోళ్ళ ఇంటికే తిరిగొస్తాదంట. పేరొద్దు. ఎవరి తప్పో అమ్మకి తెలీదా? వీడే చేసుంటే వీడికే తగుల్తాది. యాడికి పోతాడు?"

మద్దమ్మకు అది దయగా వినిపించింది. "నీ కడుపు చల్లగుండ, అంతే చెయ్యండమ్మా" అంది. దయ కాదది. పేరు చెప్పకపోయినా దెబ్బ తప్పదని మంజులమ్మకు గట్టి నమ్మకం.

సోమప్ప మాత్రం ఆ మాట వినగానే గడప మీంచి లేచాడు. వదినె చంకలోంచి చేట లాక్కొని, అక్కడే బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఒక్కొక్క మిరపకాయా తీసి తొడిమె గిల్లసాగాడు.

"ఏందిరా అది?" అంది అంజినమ్మ.

"పేరు లేకుండా నూరేటట్లయితే నేనే తొడిమెలు తీసిస్తా. మెత్తగా నూరు వొదినా. గింజ మిగలకుండా నూరు. తప్పు చేసినోడికి నెత్తినుంచి అరికాలిదాకా మండల్ల. నాకూ అదే కావల్ల."

అంజినమ్మ చూస్తూ నిలబడింది. తప్పు చేసినవాడు ఆ మిరపకాయలు ముట్టడు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నాటకాలొద్దు" అంది చివరికి. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు.

"నాటకమా? విను. ఇంగొకసారి చెప్తా, ఇదే కడాసారి. అన్న బావి ఆవలి గట్టు వెనకాల దాక్కోనుండాడు. ఆడికి గొంతు చేరదు, ఆరూ పేలినాక ఎర్రతువ్వాలు ఊపితే దిగల్లని మాట. ఈవల గట్టు మీద మంజులమ్మక్క మొగుడు కేశవన్నా నేనూ, లెక్కపెట్టేదానికి. ఒకడు పొరపాటు పడితే ఇంగొకడు దిద్దల్ల. ఐదు పేలినాయి. కొండ మారుపలికింది. కేశవన్న తువ్వాలు తీసినాడు. ఐదే, ఆగప్పా ఐదే, అని గొంతు చించుకున్నా."

"నువ్వు నోరే మెదపలేదన్నాడు కేశవన్న. అంగాళమ్మ ముందర నిలబడి చెప్పినాడు."

"ఎట్ల చెప్పినాడో ఆ దేవుడికే తెలియల్ల! ఆయన నాకు ఎంత దూరం? ఇదో, ఈ స్తంభం దాకా. ఆయన ఎడమచేతి పక్క బండ మీద నేను. చెయ్యి చాపితే తగుల్తాడు. తల తిప్పలే వొదినా. చూడనే లే. తువ్వాలు ఊపేసినాడు. పరిగెత్తినా. నేను చుట్టు తిరిగి పోయేలోగా అన్న దిగేసినాడు."

"చెయ్యి చాపితే తగిలే మనిషికి నీ అరుపు వినపడలేదా?" అంది అంజినమ్మ. "చెవుడా ఆయనకి?"

సోమప్ప తొడిమెలు గిల్లుతూనే ఉన్నాడు.

మంజులమ్మ వీపు స్తంభానికి అంటుకుపోయింది.

ఎడమచేతి పక్క.

ఆమె మొగుడు చెన్నకేశవ క్రిష్ణగిరి దగ్గర రాతిగనిలో మేస్త్రీ. ఏడేళ్ళ కింద వేళకు ముందే పేలిన తూటా ఒకటి అతని ఎడమచెవిని తీసుకుపోయింది. బయటికి ఏమీ కనపడదు, చెవి చెవిలాగే ఉంది. లోపల మాత్రం చప్పుడు లేదు. గనిలో తెలిస్తే మందు పేల్చే లైసెన్సు తీసేస్తారు, కూలీతో సమానమైపోతాడు. అందుకని ఎవరికీ చెప్పనని పెళ్ళాం చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ నాటినుంచి మంజులమ్మ అతని కుడిపక్కనే నడుస్తుంది, కుడిపక్కనే కూర్చుంటుంది, వడ్డించేది కూడా కుడిపక్క నుంచే. అది ఇంక అలవాటుగా కూడా అనిపించదు, ఊపిరిలాగా.

సోమప్ప పక్కనే ఉండి నోరు మెదపలేదని చెన్నకేశవ చెప్పినప్పుడు ఆమె మనసులో బొమ్మ కట్టింది. పక్కన అంటే ఆమె లోకంలో కుడిపక్కే. ఇంకొక పక్క ఉంటుందని ఆమెకు తోచలేదు.

*

కారం పూసేది పొద్దు తిరిగాక. అందాకా చేసే పని లేదు. వంటింటి వెనక గదిలో అంజినమ్మ గోడమీది ఫోటో దించింది. చచ్చినవాడి మొహం అమ్మవారి ఎదుట ఉండాలి, మునివెంకటప్ప మొహం ఉన్న ఫోటో ఆ ఇంట్లో అదొక్కటే.

కొంగుతో అద్దం తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆమె మొహం కొంచెం వదులయింది.

"మూడేండ్లయింది గదా మంజులా?"

"రాగిచేలో కలుపు అయిపోయినాక పోతిమి. మూడేండ్లు."

"బెంగుళూరులో బస్సు మారేటప్పుడు ఈయన రాగిపిండి మూట మర్చిపోయినాడు. మళ్ళీ పరిగెత్తుకొని పోయి తెచ్చినాడు. కండక్టరు తిట్టిన తిట్లు తమిళంలోనా కన్నడంలోనా అని మీ ఆయన అడిగితే, రెండిట్లోనూ తిట్టినాడప్పా, దేన్నీ తక్కువ చెయ్యలేదు అన్నాడు."

మంజులమ్మ నవ్వింది. నవ్వు వచ్చినందుకు వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వులే" అంది అంజినమ్మ. "నవ్వేదానికేం? ఆయన నవ్వించేదానికే చెప్పేటోడు."

శివనసముద్రం పేరుకు సముద్రమే గానీ కావేరి నడుమ ఉన్న దీవి. నది అక్కడికొచ్చి రెండుగా చీలి, దీవిని రెండు చేతులతో ఎత్తుకున్నట్టు చుట్టి, రెండు పక్కలా కొండ అంచు మీంచి దూకుతుంది. మెట్టచేలల్లో పుట్టి పెరిగిన ఆ నలుగురూ అన్ని నీళ్ళు అంతకుముందు చూసి ఉండలేదు. రాతిస్తంభాల మీద నిలబెట్టిన పాతవంతెన దాటుతుంటే కాళ్ళ కింద నీళ్ళు పచ్చగా, గట్టిగా, పట్టుబట్ట లాగినట్టు పోతున్నాయి. దూరం నుంచే హోరు. దగ్గరికి పోయేకొద్దీ మొహాల మీద తుంపర. ఎండలో ఆ తుంపర మధ్యన ఇంద్రధనుస్సు పుట్టింది. అంజినమ్మ పట్టుకోబోయినట్టు కొంగు చాపింది.

"ఆయన బండ మీద కూర్చొని ఎంతసేపటికీ లేవలే" అంది అంజినమ్మ. "లెయ్యప్పా, రంగనాథుని గుడికి పోదాం అంటే, ఉండు, నీళ్ళు ఊరికే పోతా ఉండాయి, ఎవరో ఒకరు చూడల్ల గదా అన్నాడు. ఒక కాలవ బాగలూరికి తిప్పుకుంటే వీళ్ళకేం పోతాదే అన్నాడు. ఆ నీళ్ళ మీద చెయ్యి పెట్టి అన్నాడు, మన బండ కిందా నీళ్ళుంటాయి అంజినీ, తవ్వేదానికి ధైర్యముండల్ల, అని."

మంజులమ్మకు ఆ చెయ్యి గుర్తుంది. నల్లటి చెయ్యి, గోళ్ళలో మన్ను. ఆవు మెడ నిమిరినట్టు నీళ్ళను నిమిరింది.

"ఆ నీళ్ళే చంపినాయి ఆయన్ని" అంది అంజినమ్మ. "ఆడికి పోకుండా ఉంటే ఈ బావి పిచ్చి పట్టేది కాదు. పోనీలే అంటే పోనియ్యలేకుండా ఉండానే. నీళ్ళను ఏం చేసేదానికయితాది? మనిషినైతే చెయ్యొచ్చు."

బయట సోమప్ప చేట తట్టిన చప్పుడు వినిపించింది.

"ఆ పొద్దు మూడు రాళ్ళు పెట్టి ముద్ద గెలికింది ఆయనే" అంది అంజినమ్మ. "ఆడోళ్ళు కూచోండి, ఈ ఒక్కదినం మీరు ఊరుకోండి అన్నాడు. నీకు మొదట పెట్టినాడు. ఉప్పు మర్చిపోయినాడు."

"నేను చెప్పలే. బాగుండాదనే అన్నా."

"నేను చెప్పేసినా!" అని నవ్వబోయి, నవ్వు మధ్యలోనే విరిగి, అంజినమ్మ ఫోటో మీద నుదురు ఆనించింది. భుజాలు కదిలాయి. మంజులమ్మ ఆమె తల తన ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. బావి దగ్గర ఏడ్చిన ఏడుపు కాదది. అప్పుడు పదిమంది ఉన్నారు. ఇప్పుడు ఏడ్చింది శివనసముద్రం చూసిన నలుగురిలోని ఇద్దరాడవాళ్ళు.

కొంతసేపటికి అంజినమ్మ లేచి కూర్చొని మొహం తుడుచుకుంది.

"ఇంగొకటి గుర్తుండాదా? మీ ఆయన జారబోయింది?"

మంజులమ్మ ఫోటో మీంచి చూపు తిప్పుకుంది. "యాడ?"

"అట్లడుగుతావేంది! దూకేకాడ, ఆ పాచిబండ మీద. కేశవా, రాయి జారుతాది, ఆగు, అని ఈయన పక్కనుంచే మూడుసార్లు అరిచినాడు. నేను అంత దూరంలో చీరలారేసుకుంటా ఉండా, నాకే వినపడె. మీ ఆయనకి వినపడలే. ఇంగొక అడుగు వేసుంటే కావేరమ్మకే. ఈయన దూకి పంచె పట్టుకొని లాగినాడు. పంచె చినిగింది, మనిషి మిగిలినాడు."

"హోరు గదా మే. నీళ్ళ హోరులో యాడ వినపడ్తాది?"

మూడేళ్ళ కింద కూడా ఆమె ఈ మాటే అంది. ఇప్పుడు అదే మాట, అదే గొంతు.

"అవునవును, హోరు" అంది అంజినమ్మ. "మీ ఆయనా అదే అన్నాడు. అది సరే, ఆ పొద్దు మీ ఆయన ప్రాణం నిలబెట్టినోడికి ఈ పొద్దు బావి గట్టున ఒక్క గొంతు లేకపాయె చూడు. తమ్ముడుండీ."

ఆమె వేలు ఫోటో మీద జరిగింది. వంతెన దగ్గర నల్లగుడ్డ కప్పుకున్న ఫోటో మనిషి నలుగురినీ వరసలో నిలబెట్టి తీసింది. అంజినమ్మ, మునివెంకటప్ప, మంజులమ్మ, చెన్నకేశవ.

"మగోళ్ళిద్దరూ నడాన ఉండండయ్యా, ఆడోళ్ళు రెండు చివర్లా ఉంటే బాగుంటాది అని ఎంత చెప్పినాడు ఆ ఫోటో ఆయన! మీ ఆయన వినలే. చివరనే నిలబడ్తానని మొండికెత్తె. చూడు, ఎట్ల నిలబడినాడో. ఇంత చోటు పెట్టుకొని."

మంజులమ్మ చూసింది. చెన్నకేశవ కుడిపక్కన తను ఉంది. ఎడమపక్కన ఎవరూ లేరు. నది ఉంది.

సోమప్ప అరిచాడు. ఇంక ఆమెకు సందేహం లేదు. గొంతు చించుకొని అరిచాడు, చెయ్యి చాపితే తగిలే దూరంలో. ఒక చెవితో వినేవాడికి చప్పుడు ఏ వైపునుంచి వచ్చిందో తెలియదు. కొండ మారుపలికితే అదీ ఒక పేలుడే అనుకుంటాడు. లెక్కపెట్టడానికి కూర్చున్న మొగుడి సంగతి ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు. తెలిసీ పంపింది. తమ స్నేహితుని బావే గదా, జాగ్రత్తగా ఉంటాడులే అనుకొని పంపింది.

తానే చెప్పింది పొద్దున. పేరొద్దు, ఎవరి తప్పో అమ్మకి తెలీదా, అని.

"పొద్దు తిరిగింది" అంది అంజినమ్మ. "పద."

*

అంగాళమ్మ గుడి చేల చివర, హోసూరు బస్సు పోయే బాటకు ఆనుకొని ఉంది. గుడి అంటే నాలుగు రాతికంబాలు, పైన ఒక బండపలక, లోపల పసుపు పూసిన రాయి. అంజినమ్మ ఫోటోను రాతికి ఎదురుగా నిలబెట్టింది. సోమప్ప గిల్లిచ్చిన మిరపకాయలు బండ మీద పోసి నీళ్ళు చిలకరించింది.

బాటపక్కన చెన్నకేశవ నిలబడి ఉన్నాడు. మొగవాళ్ళు ఆ మొక్కు చూడకూడదు, అందుకని వాళ్ళకు వీపు పెట్టి, బస్సు వచ్చే దిక్కు చూస్తూ బీడీ కాల్చుకుంటున్నాడు. సాయంత్రం బస్సుకు పెళ్ళాన్ని క్రిష్ణగిరికి తీసుకుపోవాలని వచ్చాడు.

"పట్టుకో" అంది అంజినమ్మ.

మంజులమ్మ పొత్రం రెండో కొస పట్టుకుంది. బండ మీద రాయి కదిలింది. కాయలు చిట్లాయి. నాలుగోసారికే ఘాటు ముక్కుకెక్కింది. ఎర్రటి నీళ్ళు బండ అంచుకు పారి, ఆమె అరచేతిలోని గాజుగాటులోకి దిగాయి. నిప్పు పెట్టినట్టయింది.

"మండుతాదా?" అంది అంజినమ్మ.

"ఊఁ."

"మండనీ. నా మొగుణ్ణి బావిలోకి దింపినోడికి ఇట్లే మండల్ల. తెలిసీ నోరు మూసుకున్నోళ్ళు ఎవరైనా సరే, వాళ్ళ నోట్లో నీళ్ళు పుట్టకుండా మండల్ల. వాళ్ళింటి దీపం—"

"పేరు చెప్పు" అంది మంజులమ్మ.

రాయి ఆగింది.

"ఏమంటివి?"

"పేరు చెప్పి నూరు మే. సోమప్ప పేరు చెప్పు. పేరు లేకుంటే అది యాడ్నో తగులుకుంటాది. ఎవరో ఒకరి ఇంటి మీద పడ్తాది. వాడే గదా చేసింది? వాడి పేరే చెప్పు."

మాటలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చేశాయి. వెనక్కి తీసుకోవడానికి లేదు.

అంజినమ్మ తల ఎత్తి ఆమె మొహంలోకి చూసింది. జూజువాడిలో గోలీలాడేటప్పుడు ఎవరు దొంగాట ఆడారో పట్టుకునే చూపు అది.

"పొద్దున నువ్వే గదా చెప్పింది? పేరొద్దు, అమ్మకి తెలుసు అని? మా అత్త కాళ్ళు పట్టుకున్నప్పుడు చెప్పింది నువ్వే. ఆ సోమప్ప పేరు లేకుండా నూరమని తొడిమెలు తీసిచ్చినాడు. పేరు చెప్పమని నువ్వంటా ఉండావు. పొద్దుటికీ ఇప్పటికీ ఏం మారింది మంజులా?"

మంజులమ్మ నోరు తెరిచింది. ఘాటుకు దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక పొత్రం కొస సర్దుకొని పట్టుకుంది.

అంజినమ్మ కళ్ళు ఆమె మీంచి జరిగి ఫోటో మీదికి పోయాయి. అక్కడ ఆగాయి. చాలాసేపు ఆగాయి. వరస చివర నిలబడిన మనిషి మీద, అతని పక్కనున్న ఖాళీ మీద. తరవాత బాట మీదికి పోయాయి.

ఆమె లేచింది. ఎర్రటి చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకొని నడిచింది.

"అంజినీ, యాడికి? మొక్కు మధ్యలో లేవగూడదు మే!"

అంజినమ్మ వినిపించుకోలేదు. చెన్నకేశవ వెనకనుంచి పోయి, చుట్టు తిరిగి, అతని ఎడమపక్కన ఆగింది. చెయ్యి చాపితే తగిలే దూరంలో. గాలి లేదు. హోరు లేదు. దూరంగా ఎవరి బావి మీదో నీళ్ళు తోడే కపిల కిర్రుమంటోంది, అంతే.

"అన్నా" అంది.

చెన్నకేశవ బీడీ పొగ వదిలాడు.

"కేశవన్నా. బావికాడ ఐదే పేలినాయన్నా."

అతను బస్సు వచ్చే దిక్కే చూస్తున్నాడు. బూడిద రాల్చి, మళ్ళీ బీడీ నోట పెట్టుకున్నాడు.

అంజినమ్మ అక్కడే నిలబడి మంజులమ్మ వైపు తిరిగింది. చేతులనుంచి కారం చుక్కలు చుక్కలుగా దుమ్ములో పడుతోంది. మంజులమ్మ చూపు దించుకుంది. అదే జవాబైపోయింది.

అంజినమ్మ వచ్చినదారినే తిరిగి వచ్చింది. బండ ముందు కూర్చొని, చిందిన కారమంతా నడుమకు తోసింది. పొత్రం తన కొస పట్టుకుంది.

"పట్టుకో" అంది మెల్లగా.

"అంజినీ..."

"ఆయన చేతి ముద్ద తిన్నావు. ఉప్పు లేకపోయినా బాగుండాదన్నావు. పట్టుకో. పేరు వద్దులే. నువ్వు చెప్పిందే సరి, అమ్మకి తెలుసు."

ఎందుకో అప్పుడు చెన్నకేశవ కుడిపక్కగా తిరిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని, నవ్వుతూ గట్టిగా అడిగాడు.

"అయిపాయెనా అమ్మా? బస్సుకు పొద్దవుతా ఉండాది."

"లేదన్నా" అంది అంజినమ్మ, అతనికి బాగా వినపడేలా. "ఇప్పుడే మొదలుపెడ్తా ఉండాము."